పింఛన్ ఆగితే ఎక్కడికి, ఆసుపత్రి కార్డు పనిచేయకపోతే ఎక్కడికి: నల్గొండ, పాలమూరు వాళ్లకు

సోమవారం ప్రజావాణి నడిచేటప్పుడు ఏ కలెక్టరేట్‌కైనా పోయి చూడండి, పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) కాగితాలు పట్టుకుని లైన్లో నిలబడ్డ పెద్దమనిషి ఒకరైనా కనిపిస్తారు. పాపం, పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఉంటారు. అర్జీ తీసుకుంటారు, రసీదు కూడా ఇస్తారు, కానీ పీఎఫ్ కేంద్రం కిందిది కాబట్టి కలెక్టర్ చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. కొన్నాళ్లకు "మా పరిధిలో లేదు" అని జవాబు వస్తుంది. ఇంకోపక్క ఆసరా పింఛన్ ఆగినవాళ్లు బ్యాంకుకు పోయి మేనేజర్‌తో కొట్లాడుతుంటారు, ఆయన చేతిలోనూ ఏమీ ఉండదు.

ఆఫీసు వెతికే ముందు ఒక్కటి తేల్చుకోండి: ఈ పైసలు మంజూరు చేసేది ఎవరు, మొదట ఎవరి జీతంలోంచి కోశారు. బ్యాంకు, పోస్టాఫీసు, మీసేవ చేసేది చేరవేసే పని మాత్రమే. ఎడమ కాలువకు నీళ్లు రాకపోతే తూము దగ్గర కాపలా ఉండే లష్కర్‌ను తిట్టి లాభమేముంది, వదలాల్సింది సాగర్ మీద కదా.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. బీరువాలో పాలిథిన్ కవర్‌లో మడిచి పెట్టిన కాగితాలన్నీ ముందు మంచం మీద పరవండి. బ్యాంకు పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించండి, పింఛన్ జమైన వరుసలో ఎవరు పంపారో ఏదో ఒక ఆనవాలు ఉంటుంది. పాత జీతం చీటీ దొరికితే ఇంకా మంచిది, అందులో పీఎఫ్ అని ఉందా, జీపీఎఫ్ (సర్కారు ఉద్యోగుల పీఎఫ్) అని ఉందా, సీపీఎస్ (సర్కారు ఉద్యోగుల కొత్త పింఛన్ పద్ధతి) అని ఉందా, ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కోత ఉందా అన్నది చూస్తే సగం పని అయిపోయినట్టే. పీపీఓ, అంటే పింఛన్ మంజూరు ఉత్తర్వు, నంబర్ కనిపించగానే ట్రెజరీకి మాత్రం పరుగెత్తకండి. గవర్నమెంట్ పింఛన్‌కూ పీపీఓ ఉంటుంది, పీఎఫ్ పింఛన్‌కూ ఉంటుంది. కాగితం పైన ఎవరి పేరు అచ్చు వేసి ఉందో అదే చూడాలి.

ఆసరా సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే దీని దారి చిన్నదే. 2014 నవంబర్‌లో మొదలైన ఈ పింఛన్‌ను ఇప్పుడు చేయూత అంటున్నారు, జనం మాత్రం ఆసరా అనే అంటారు. వృద్ధులకు, వితంతువులకు 2019లో రూ. 2,016 చేశారు, దివ్యాంగులకు 2023లో రూ. 4,016 చేశారు. పల్లెలో అయితే పంచాయతీ కార్యదర్శి, తర్వాత ఎంపీడీఓ ఆఫీసు, పట్టణంలో అయితే మున్సిపాలిటీ, జిల్లాలో దీన్ని చూసేది డీఆర్‌డీఏ. ప్రజావాణిలో అర్జీ పెడితే పని జరిగే రకం ఇదే. చేనేత, గీత కార్మికులకు 50 ఏళ్లకే వస్తుంది, కాబట్టి చండూరు, పుట్టపాక, గద్వాల, నారాయణపేట మగ్గాల మీద ఉన్నవాళ్లు మామూలు వృద్ధాప్య పింఛన్ వయసు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగినవాళ్లు దివ్యాంగుల కోటాలో రావాలంటే ముందు వైకల్యం సర్టిఫికెట్ కావాలి, ఇదివరకు సదరం అనేవాళ్లు, ఇప్పుడు యూడీఐడీ కార్డు. సర్టిఫికెట్ లేకుండా ఎంపీడీఓ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగినా లాభం లేదు. ఇంకో మాట, ప్రభుత్వ పింఛన్ వచ్చేవాళ్లకు ఆసరా ఇవ్వరు, దాచిపెట్టి తీసుకుంటే ఆధార్‌లో పట్టుబడి రికవరీ నోటీసు వచ్చే ప్రమాదం ఉంది.

పీఎఫ్ పింఛన్ దగ్గరే అసలు గందరగోళం

దామరచర్ల, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలు, చౌటుప్పల్ మందుల కంపెనీలు, జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్ - ఇక్కడ పనిచేసినవాళ్ల పింఛన్ చూసేది కేంద్రం కింది పీఎఫ్ సంస్థ, ఈపీఎఫ్ఓ. యజమాని వాటాగా కట్టే 12 శాతంలో 8.33 శాతం పింఛన్ ఖాతాకు పోతుంది, అదీ రూ. 15,000 జీతం వరకే లెక్క, అంటే నెలకు ఎక్కువలో ఎక్కువ రూ. 1,250. పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు పింఛన్ వస్తుంది. లెక్క చాలా సింపుల్: జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 15,000 జీతం, 14 ఏళ్ల సర్వీసు అయితే నెలకు రూ. 3,000. కనీస పింఛన్ 2014 నుంచి వెయ్యి రూపాయలు. తక్కువే, కానీ హక్కు.

మనవైపు చాలామందికి దెబ్బపడేది ఆ పదేళ్ల దగ్గరే. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా ఒక కొత్త మెంబర్ ఐడీ పుడుతుంది. ఒకే యూఏఎన్ (మనిషికి ఒక్కటే ఉండే 12 అంకెల పీఎఫ్ నంబర్) కింద మూడు నాలుగు ఐడీలు ఉండి, వాటిని ఒకదాంట్లోకి ట్రాన్స్‌ఫర్ చేసుకోకపోతే పన్నెండేళ్లు పనిచేసిన మనిషికి కూడా సర్వీసు నాలుగేళ్లే కనిపిస్తుంది. మధ్యలో డబ్బు అవసరమై ఫారం 10సీతో పింఛన్ సొమ్ము కూడా తీసేసుకుంటే ఆ ఏళ్లు పోయినట్టే. పదేళ్లు నిండకుండా మానేసినవాళ్లు అదే 10సీలో స్కీం సర్టిఫికెట్ అడగాలి, తర్వాత ఇంకెక్కడ చేరినా పాత సర్వీసు కలుస్తుంది. ఇది చెప్పే ఇంటర్నెట్ సెంటర్లు తక్కువ, ఎందుకంటే డబ్బు తీసిస్తేనే వాళ్లకు కమీషన్.

రెండో తలనొప్పి పేరు. ఆధార్‌లో యాదగిరి, కంపెనీ రికార్డులో యాదయ్య, బ్యాంకులో ఇంటిపేరుతో కలిపి ఇంకోటి. పుట్టినతేదీ అయితే స్కూలు మొహం చూడనివాళ్లందరికీ జనవరి 1. ఇది తేలకుండా క్లెయిమ్ పెడితే రిజెక్ట్ అవుతుంది. దీన్ని సరిచేయడానికి జాయింట్ డిక్లరేషన్ అనే దరఖాస్తు ఉంటుంది, పాత కేసుల్లో యజమాని కూడా ఒప్పుకోవాల్సి రావచ్చు, కాబట్టి కంపెనీ మూతపడకముందే, కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తుతున్నప్పుడే సరిచేయించుకోండి. మానేసిన తేదీ కంపెనీ ఎక్కించకపోతే, చివరి జమ అయిన రెండు నెలల తర్వాత మీరే ఆన్‌లైన్లో ఎక్కించుకోవచ్చు.

పింఛన్‌కు పెట్టాల్సింది ఫారం 10డీ. మెంబర్ ఐడీలో మొదటి అయిదు అక్షరాలు మీది ఏ రీజియన్, ఏ ఆఫీసో చెబుతాయి. పాలమూరు నుంచి ముంబయి, పుణె పోయి అక్కడి కంపెనీల్లో చేసినవాళ్ల ఖాతా మహారాష్ట్ర ఆఫీసులోనే ఉంటుంది, అయినా అక్కడికి పోనక్కర్లేదు. 2025 జనవరి నుంచి పింఛన్ దేశంలో ఏ బ్యాంకులోనైనా తీసుకోవచ్చు. ఫిర్యాదుకు ఈపీఎఫ్ఐజీఎంఎస్ అనే పోర్టల్ ఉంది, హెల్ప్‌లైన్ 14470. హైదరాబాద్ పోయే ముందు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, ప్రతి నెలా 27న 'నిధి ఆప్కే నికట్' పేరుతో పీఎఫ్ అధికారులు జిల్లాలకే వస్తారు, సెలవైతే మరుసటి పనిదినం. ఈసారి ఎక్కడ కూర్చుంటారో ముందే కనుక్కుని పోతే బరకత్‌పురా పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరగడం తప్పుతుంది.

ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే పదేళ్ల షరతు ఉండదు. ఒక్క నెల పింఛన్ వాటా జమై ఉన్నా భార్యకు నెలనెలా పింఛన్ వస్తుంది, ఇద్దరు పిల్లల వరకు 25 ఏళ్లు వచ్చేదాకా వేరేగా వస్తుంది. దానికీ ఫారం 10డీనే. పీఎఫ్ నిల్వకు ఫారం 20, బీమాకు 5ఐఎఫ్. ఆ బీమా పేరు ఈడీఎల్ఐ, గరిష్ఠంగా ఏడు లక్షలు. కంపెనీవాళ్లు దశదినకర్మకు కొంత చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే అంతటితో అయిపోయిందనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. మూడూ వేర్వేరు హక్కులు, మూడింటికీ పెట్టాలి.

ఆర్టీసీ వాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. బస్సు సర్కారుది అన్నంత మాత్రాన ట్రెజరీకి పోకండి. పీఎఫ్ నిల్వ చూసేది ఆర్టీసీ సొంత పీఎఫ్ ట్రస్టు, నెల పింఛన్ ఇచ్చేది ఈపీఎఫ్ఓ, వైద్యం తార్నాకలోని ఆర్టీసీ ఆసుపత్రి. మూడు పనులకు మూడు తలుపులు.

టీచర్లు, రెవెన్యూ, పోలీసు

రాష్ట్ర ప్రభుత్వ పింఛన్ మంజూరు చేసి పీపీఓ ఇచ్చేది సైఫాబాద్‌లోని అకౌంటెంట్ జనరల్ (ఏజీ) ఆఫీసు, నెలనెలా వేసేది ట్రెజరీ. కాబట్టి పీపీఓ రాకపోతే ముందు రిటైరైన ఆఫీసులో అడగండి, ఫైలు ఏజీకి పోయిందా లేదా అని. చాలాసార్లు సర్వీస్ రిజిస్టర్‌లో ఏదో ఎంట్రీ లేదని అక్కడే ఆగి ఉంటుంది. పీపీఓ ఉండి నెల పింఛన్ ఆగితే సబ్‌ట్రెజరీ, డీఏ కలవకపోయినా అక్కడే. పింఛన్‌దారు చనిపోతే మరణ ధ్రువీకరణ పత్రం, పీపీఓ పట్టుకుని ట్రెజరీకే పోవాలి, ఫ్యామిలీ పింఛన్‌కు భార్య పేరు పీపీఓలో ఉంటే పని త్వరగా అవుతుంది. బతికి ఉండగానే ఆ పేరు స్పెల్లింగ్ చూసుకోండి. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లది సీపీఎస్, వాళ్లకు ప్రాన్ నంబర్ ఉంటుంది, కథ వేరే. మాజీ సైనికులకు స్పర్శ్ పోర్టల్, జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు.

బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ గురించి ఒక్క ముక్క. కేంద్ర పింఛన్‌దారులు నవంబర్‌లో ఇవ్వాలి, పీఎఫ్ పింఛన్‌కు ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది, రాష్ట్ర పింఛన్‌దారులు తమ ట్రెజరీ చెప్పిన గడువు చూసుకోవాలి. మంచం మీద ఉన్న పెద్దవాళ్లను ఆటోలో ఎక్కించి తీసుకుపోవాల్సిన పని లేదు, జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్‌ను ఫోన్లో ముఖం చూపించి చేయొచ్చు, పోస్ట్‌మ్యాన్‌ను పిలిచినా ఇంటికొచ్చి చేసిపెడతాడు. "పింఛన్ ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి, ఏ ఆఫీసూ ఓటీపీ అడగదు.

ఆసుపత్రి వైపు

పీఎఫ్, ఈఎస్ఐ ఒకే ఆఫీసు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జీతం చీటీలో రెండూ పక్కపక్కన ఉంటాయి, అందుకేనేమో. ఈఎస్ఐ వేరే సంస్థ, నెలకు రూ. 21,000 వరకు జీతం ఉన్నవాళ్లకు, కార్మికుడి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. దీంట్లోనూ రెండు భాగాలు: మందులు, డాక్టర్ అంటే డిస్పెన్సరీ, దాన్ని నడిపేది రాష్ట్రం. జబ్బు చేసి సెలవు పెట్టిన రోజులకు డబ్బు కావాలంటే ఈఎస్ఐసీ బ్రాంచ్ ఆఫీసు, అది కేంద్రం. జబ్బు సెలవుకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు, డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ లేకుండా అడిగితే రాదు. పెద్ద జబ్బయితే డిస్పెన్సరీ నుంచి సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి రాయించుకోవాలి. రిటైరైనవాళ్లు కనీసం అయిదేళ్లు ఈఎస్ఐలో ఉండి ఉంటే ఏడాదికి రూ. 120 కట్టి భార్యాభర్తలిద్దరూ వైద్యం పొందొచ్చు. నూట ఇరవై రూపాయలు! ఇది కంపెనీలు చెప్పవు, మనమే బ్రాంచ్ ఆఫీసులో అడగాలి. టోల్ ఫ్రీ 1800112526.

ఆరోగ్యశ్రీ మన పాలమూరుకు కొత్తేమీ కాదు, 2007 ఏప్రిల్ 1న మొదట మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్ 9న పరిమితిని పది లక్షలకు పెంచారు. చూసేది ఆరోగ్యశ్రీ ట్రస్టు, ఎమ్మార్వో ఆఫీసుకూ రేషన్ షాపుకూ ఇందులో పని లేదు, రేషన్ కార్డులో పేరు లేకపోతే తప్ప. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే బిల్లింగ్ కౌంటర్ దాకా పోకండి, ఆరోగ్యమిత్ర కౌంటర్ ఎక్కడుందో అడగండి, జబ్బు లిస్టులో ఉందా, ఆ ఆసుపత్రికి ఆ స్పెషాలిటీ ఉందా అన్నది అక్కడుండే ఆరోగ్యమిత్ర చూసి చెబుతారు. "ముందు కట్టండి, తర్వాత ఆరోగ్యశ్రీలో తిరిగి ఇప్పిస్తాం" అంటే నమ్మకండి, అది నగదు లేకుండా నడిచే పథకం. అక్కడి నుంచే 104కు ఫోన్ చేయండి. డబ్బు కట్టేసి బయటికొచ్చాక మిగిలే దారి ముఖ్యమంత్రి సహాయనిధి, ఒరిజినల్ బిల్లులతో ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ఆన్‌లైన్లో పెట్టించాలి, ఎంత వస్తుందన్నది మన చేతిలో ఉండదు.

సొంతంగా కొన్న హెల్త్ పాలసీ అయితే ప్రభుత్వ ఆఫీసులేవీ మొదటి మెట్టు కావు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు, నెల రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, రూ. 50 లక్షల వరకు వింటారు. కంపెనీ కాదన్నాక ఏడాది దాటితే తీసుకోరు.

కూలి పనివాళ్ల ఇంట్లో ఇంకో చిక్కు. ఈ-శ్రమ్ కార్డు మీద కూడా యూఏఎన్ అనే రాసి ఉంటుంది, అదీ 12 అంకెలే. ఆ నంబర్‌తో పీఎఫ్ సైట్‌లో ఎంత కొట్టినా బ్యాలెన్స్ రాదు. ఈ-శ్రమ్ అన్నది అసంఘటిత కార్మికుల పేర్ల నమోదు, పింఛన్ ఖాతా దాంట్లో లేదు. మేస్త్రీ, సెంట్రింగ్ పనివాళ్ల లేబర్ కార్డు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరిది, అటల్ పెన్షన్ బ్యాంకుది, రైతుబీమా ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి)ది. ఈ ఒక్క అటల్ పెన్షన్‌కే బ్యాంకులో కూర్చుని గట్టిగా అడగొచ్చు.

2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక పాత కాగితాల మీద నల్గొండ అనో మహబూబ్‌నగర్ అనో ఉన్నా మీ ఫైలు ఇప్పుడు సూర్యాపేటలోనో, భువనగిరిలోనో, వనపర్తిలోనో ఉండొచ్చు. ఆమనగల్లు, షాద్‌నగర్ వాళ్లయితే రంగారెడ్డి కిందికి పోయారు. బస్సెక్కే ముందు పాత పీపీఓ నంబర్ చెప్పి ఏ సబ్‌ట్రెజరీలో ఉందో ఫోన్లో కనుక్కోండి. ఏ ఆఫీసుకు పోయినా కాగితం రెండు కాపీలు తీసుకుపోయి, మీ కాపీ మీద తేదీతో ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి, ముద్ర వేయం అని వాళ్లంటే స్పీడ్ పోస్టులో పంపండి.