కిట్ కంటే ముందు పుస్తకం కొనండి
అమెరికాలో ఉంటూ ఇంట్లో బీరు చేద్దామనుకునేవాళ్లు ముందుగా జాన్ పామర్ రాసిన ‘హౌ టు బ్రూ’ తెచ్చుకోండి. 2017లో వచ్చిన నాలుగో ఎడిషన్ అయితే మంచిది. అందులో శుభ్రత, ఈస్ట్ గురించి చెప్పినవి రెండుసార్లు చదవాలి. నేను అవి దాటేసి నేరుగా రెసిపీ మీద పడ్డాను. ఎండాకాలం గ్యారేజీలో పులియబెట్టిన 19 లీటర్లూ నెయిల్‌పాలిష్ రిమూవర్ వాసన కొట్టి సింకు పాలయ్యాయి. మామూలు ఏల్ (ఒక రకం బీరు) ఈస్ట్‌కు 18–20 డిగ్రీల సెల్సియస్ చల్లదనం కావాలి మరి!

పామర్ మరీ కెమిస్ట్రీ క్లాసులా అనిపిస్తే చార్లీ పపాజియన్ ‘ద కంప్లీట్ జాయ్ ఆఫ్ హోమ్‌బ్రూయింగ్’ చూడండి, పక్కన కూర్చుని కబుర్లు చెప్పినట్టుంటుంది. రెసిపీల పుస్తకాలకు తొందరేం లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు మాత్రం చదవడంతోనే ఆగండి, లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసవుతుంది.