ఎండలోనూ ఉక్కపోతలోనూ పరుగు: హైదరాబాద్ రన్నర్లకు కొన్ని సూచనలు

హైదరాబాద్‌లో పరుగు తీసేవారికి వేసవి రెండు భాగాలుగా వస్తుంది. మొదటిది మార్చి నడుమ నుంచి రోహిణి కార్తె దాకా సాగే పొడి ఎండ. రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పే ఆ రోజుల్లో మధ్యాహ్నపు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినా, గాలిలో తేమ తక్కువగానే ఉంటుంది. రెండవది మృగశిర ప్రవేశించి తొలకరి పడిన తరువాత మొదలయ్యే ఉక్కపోత. ఎండకు భయపడి మే నెలలో ఎన్నో జాగ్రత్తలు తీసుకున్నవారే, వానలు పడ్డాయి కదా అన్న ధీమాతో జూన్, జూలై నెలల్లో వేగం పెంచి చతికిలబడుతుంటారు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు సిద్ధమయ్యేవారి సుదీర్ఘ పరుగులన్నీ ఈ రెండవ భాగంలోనే పడతాయి కాబట్టి, రెండింటికీ ఒకే పద్ధతి పాటించడం సరికాదు.

పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతుకు మించి కదలికగా మారదు. మిగిలినదంతా వేడిగా మారుతుంది. 60 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 600 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి, అందులో 450 దాకా ఒంట్లో వేడిగా పోగుపడతాయి. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోక్యాలరీల వేడిని తనతో తీసుకుపోతుంది కనుక, ముప్పావు లీటరు పైచిలుకు చెమట ఆరితే ఆ పరుగు వేడి మొత్తం తీరిపోతుంది. అయితే అది ఆవిరి కావాలి. కారి నేలపాలైన చెమట వల్ల ఒంట్లోని నీరు, ఉప్పు పోవడమే తప్ప వేడి తగ్గదు. మే నెలలో ఇల్లంతా చల్లబరిచే ఎయిర్ కూలర్ జూలైలో గదిని జిడ్డుగా మార్చడం మనందరికీ అనుభవమే. శరీరం పడే ఇబ్బంది కూడా సరిగ్గా అదే.

అందువల్ల బయలుదేరే ముందు ఫోన్‌లోని వాతావరణ యాప్‌లో ఉష్ణోగ్రతతో పాటు డ్యూ పాయింట్ అనే అంకెను కూడా చూడాలి. గాలిలో నిజంగా ఎంత నీటి ఆవిరి ఉన్నదో అది చెబుతుంది. మే నెల ఉదయం 28 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉంటే డ్యూ పాయింట్ 17 లోపే ఉంటుంది; జూలై ఉదయం 24 డిగ్రీల వేడి, 90 శాతం తేమ ఉంటే అది 22 దాటుతుంది. అంకెల్లో నాలుగు డిగ్రీలు చల్లగా కనిపించే ఆ జూలై ఉదయమే చెమట ఆరడానికి ఎక్కువ ప్రతికూలం. డ్యూ పాయింట్ 16 లోపు ఉన్నప్పుడు మామూలుగా పరుగెత్తవచ్చు, 20 దాటితే వేగం తగ్గించాలి, 24 దాటితే గట్టి సాధన ఏదీ పెట్టుకోకపోవడం మంచిది. వేసవిలో సాయంత్రం గాలివాన పడిన మర్నాటి ఉదయం కూడా ఈ అంకె ఒక్కసారిగా పెరుగుతుంది.

తేమ శాతం తెల్లవారుజామున ఎక్కువగా, సాయంత్రం తక్కువగా కనిపిస్తుంది కనుక సాయంత్రపు పరుగే మేలని కొందరు పొరబడతారు. గాలి చల్లబడినప్పుడు అందులోని నీటి ఆవిరి ఏమాత్రం పెరగకపోయినా శాతం పెరుగుతుంది, అంతే. మే నెలలో సాయంత్రం ఏడు దాటినా తారు రోడ్లు, సిమెంటు గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు అద్దాల మేడల నడుమ ఇది మరీ ఎక్కువ. సూర్యోదయం 5:45 ప్రాంతంలో అవుతుంది కాబట్టి 4:45కు మొదలుపెట్టి, ఎండ నెత్తికెక్కక ముందే ముగించడం అన్ని విధాలా శ్రేయస్కరం. ఆ వేళలో వీధికుక్కల బెడద ఉన్న మాట నిజమే, అందుకైనా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం మంచిది. ఒంటరిగా పరుగెత్తేవారికి ఒంట్లో తేడా వచ్చినా గమనించేవారుండరు.

స్థలం ఎంపికలో నీడ, గాలి రెండూ చూడాలి. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న నడకబాట, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని చెట్ల కింది రోడ్లు మే నెలకు అనువైనవి. నెక్లెస్ రోడ్డులో గాలి ధారాళంగా తగులుతుంది గానీ, సూర్యుడు పైకి వచ్చిన తరువాత ఆకాశం కింద బట్టబయలుగా ఉండవలసిందే. ఎక్కడైనా సరే, పది కిలోమీటర్లు ఒకే దిక్కుగా వెళ్లి తిరిగి రావడం కంటే రెండు మూడు కిలోమీటర్ల చుట్లు వేయడం మేలు. నీళ్ల సీసా బండి దగ్గరే ఉంచుకుని ప్రతి చుట్టుకూ రెండు గుక్కలు తాగవచ్చు, మానేయాలనిపించినప్పుడు వెంటనే మానేయవచ్చు.

శరీరం వేడికి అలవాటు పడుతుంది, కానీ అందుకు 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట తొందరగా పట్టడం మొదలవుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది, అదే వేగానికి గుండె కొట్టుకునే రేటు దిగివస్తుంది. కాబట్టి మార్చిలో ఎండలు ముదిరిన వారంలో 20 నుంచి 30 నిమిషాల తేలిక పరుగుతో మొదలుపెట్టి, రెండవ వారంలో కొద్దికొద్దిగా పెంచాలి. రోజంతా ఏసీలోనే గడిపి, వారాంతంలో మాత్రమే బయటికి వచ్చి 20 కిలోమీటర్లు తీసేవారికి ఈ అలవాటు కుదరదు. ఊరికి వెళ్లి రెండు వారాలు మానేసినా చాలావరకు పోతుంది. తొలకరి పడ్డాక మరోసారి, కనీసం వారం పాటు, దూరం తగ్గించి ఉక్కపోతకు అలవాటు పడాలని నేను గట్టిగా చెబుతాను. దీన్ని పాటించేవారు మాత్రం తక్కువ.

వేగం విషయంలో చేతి గడియారాన్ని నమ్ముకోకూడదు. డిసెంబరులో కిలోమీటరుకు ఆరు నిమిషాల చొప్పున హాయిగా పరుగెత్తినవారికి జూలైలో ఆరున్నర నుంచి ఏడు నిమిషాలు పట్టినా అది వెనకబాటు కాదు. చర్మానికి రక్తం ఎక్కువగా పంపవలసి రావడం వల్ల, వేగం పెంచకపోయినా గుండె రేటు నిమిషనిమిషానికీ పెరుగుతుంది. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే ఆధారం. మాట తెగుతుంటే నడవాలి. నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక చొప్పున సాగినా సాధన సాధనే. వేగసాధన తప్పదనుకునేవారు ఆ ఒక్కరోజు జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద చేసుకోవచ్చు.

నీళ్ల సంగతి అందరూ చెప్పేదే, లెక్క కట్టేవారే అరుదు. మూత్రవిసర్జన చేసి, బట్టలు లేకుండా బరువు చూసుకుని, గంటసేపు పరుగెత్తి వచ్చాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడాలి. మొదట 62 కిలోలు, తరువాత 61.1 కిలోలు ఉండి, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగి ఉంటే, ఆ గంటలో 1.2 లీటర్ల చెమట పోయినట్లు. ఇదే పనిని మే నెలలో ఒకసారి, జూలైలో ఒకసారి చేస్తే మీ శరీరం సంగతి మీకే బోధపడుతుంది. పొడి ఎండలో చెమట పట్టగానే ఆరిపోవడం వల్ల అంత పోయిందని తెలియనే తెలియదు. టోపీ అంచున, బనియను మీద తెల్లటి ఉప్పు చారలు కనిపించినప్పుడే అర్థమవుతుంది. పోయినదంతా పరుగులోనే పూడ్చనక్కర లేదు, బరువులో రెండు శాతం కంటే ఎక్కువ తగ్గకుండా చూసుకుంటే చాలు. గంటలోపు పరుగుకు ముందూ వెనకా తాగితే సరిపోతుంది; అంతకు మించితే పావుగంట, ఇరవై నిమిషాలకొకసారి 150 నుంచి 200 మిల్లీలీటర్లు తాగాలి. బయలుదేరినప్పటి కంటే బరువు పెరిగితే మాత్రం తాగింది ఎక్కువైందన్నమాట. గంటల తరబడి ఉత్త నీళ్లే పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, అయోమయం కలుగుతాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది.

లీటరు చెమటలో సగటున ఒక గ్రాము దాకా సోడియం, అంటే రెండున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. పరుగు ముగిశాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ పెద్ద గ్లాసుడు, ఆపైన మామూలు ఉదయపు ఫలహారం ఉంటే చాలామందికి ఇంకేమీ అవసరం లేదు. నా మట్టుకు ఏ రంగురంగుల సీసా పానీయమూ దీనికి సాటి రాదు. కొబ్బరి బోండాంలో పొటాషియం దండిగా, సోడియం కొద్దిగా ఉంటుంది కనుక దాని పక్కన ఉప్పు ఉన్నదేదైనా తీసుకోవాలి. సుదీర్ఘ పరుగుల్లో ఓఆర్ఎస్ వాడేవారు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ముద్రించిన పొడి ప్యాకెట్టునే తీసుకుని, దాని మీద రాసినన్ని నీళ్లలో, సాధారణంగా పూర్తి లీటరులో, కలపాలి. ఆ పేరు పెట్టుకుని చక్కెర పానీయాలు అమ్మడంపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తరువాత, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని అడ్డుకున్నది. రక్తపోటు, కిడ్నీ సమస్యలు ఉన్నవారు ఉప్పు విషయం వైద్యుడిని అడిగే నిర్ణయించుకోవాలి.

దుస్తులు లేతరంగువి, వదులైనవి, త్వరగా ఆరేవి కావాలి. నూలు బనియను ఉక్కపోతలో తడిసి బరువెక్కి ఒంటికి అంటుకుంటుంది. ఒరుసుకునే చోట కాస్త వ్యాసెలిన్ రాసుకోవాలి. పరుగుకు ముందు చన్నీళ్ల స్నానం చేయడం, దారిలో తల మీద, మెడ మీద నీళ్లు గుమ్మరించుకోవడం పొడి ఎండలో బాగా పనిచేస్తాయి. పరుగుకు ముందు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదు, నీరు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీలకు చేటు చేస్తాయి. జ్వరం, విరేచనాలు తగ్గిన మరుసటి రోజో, రాత్రి నిద్ర లేనప్పుడో ఎండలో పరుగు పనికిరాదు.

ఎండలో ఉండగానే ఒళ్లు గగుర్పొడిచి చలిగా అనిపించడం, తల తిరగడం, వికారం, కాళ్లు తడబడటం కనిపిస్తే అక్కడికక్కడే ఆగి నీడకు చేరాలి. మాట తడబడినా, తానెక్కడ ఉన్నదీ చెప్పలేకపోయినా, వింతగా ప్రవర్తించినా దాన్ని వడదెబ్బగానే భావించాలి. వడదెబ్బ తగిలితే చర్మం పొడిబారుతుందన్న నమ్మకం పరుగెత్తేవారి విషయంలో చెల్లదు, ఒళ్లంతా చెమటతో తడిసి ఉన్నా లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా వేచి ఉండకుండా వెంటనే చల్లబరచడం మొదలుపెట్టాలి. టబ్బులో ఐసునీళ్లుంటే మెడదాకా ముంచి, మునిగిపోకుండా పట్టుకుని ఉండాలి. లేకపోతే ఒళ్లంతా నీళ్లు గుమ్మరిస్తూ, తడి తువ్వాళ్లు మార్చుతూ, అట్టముక్కతోనైనా విసురుతూ, చంకల్లో, మెడ దగ్గర, గజ్జల్లో ఐసు పెట్టాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు. కోలుకున్న తరువాత కనీసం వారం రోజులు విశ్రాంతి తీసుకుని, వైద్యుడు పరీక్షించి సరేనన్నాకే మళ్లీ చల్లటి వేళ, కొద్ది దూరంతో మొదలుపెట్టాలి.