వాసనల సాధన – మూడో పాఠం: పేరు అడగొద్దు

మతిమరుపు మొదలైన పెద్దవాళ్లతో ఇంట్లో చేయించే సాధన ఇది. పోయిన వారం దీనికి నాలుగు సీసాలు సిద్ధం చేసుకున్నాం: లవంగం, నిమ్మతొక్క, గులాబీ, నీలగిరి తైలం ఒక చుక్క వేసిన దూది. గులాబీకి వాసనే లేదంటే తప్పు ముక్కుది కాకపోవచ్చు, బొకేల్లో పెట్టే పువ్వు తెచ్చి ఉంటారు. బెంగళూరు మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్‌లో పూలమ్మే వాళ్లను నాటు గులాబీ అడగండి.

ఈ వారం వాసన చూపించే పద్ధతి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. టీవీ ఆపేయండి. మూత తీసి సీసాను ముక్కుకు రెండు వేళ్ల దూరంలో పట్టండి. గట్టిగా ఎగపీల్చకుండా చిన్నచిన్నగా, పది సెకన్లు. మూత పెట్టి, కాస్త ఆగి, తర్వాతది.

మొదట్లో నేనొక పొరపాటు చేశాను. "ఇదేంటో చెప్పండి అత్తయ్యా" అన్నాను. పేరు తట్టలేదు. "నాకేం తెలుసమ్మా" అని సీసా పక్కకు నెట్టేశారు. ఆ పూట ఇంక దేన్నీ ముట్టుకోలేదు. మతిమరుపు మొదలైన మనిషికి రోజంతా పరీక్షే, పైగా నా టెన్షన్ ఒకటి! కళ్లు మూసుకుని ఇంగువ డబ్బా వాసన చూడండి, మీకూ పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోవచ్చు.

ఇప్పుడు "లవంగం, అత్తయ్యా" అని నేనే చెప్పి చేతికిస్తాను. మొన్న సీసా పట్టుకుని చాలాసేపు ఊరుకున్నారు. తర్వాత, "మదనపల్లెలో మా అమ్మ దీన్ని దంచి, దూదిలో చుట్టి, పుచ్చిన పంట్లో పెట్టేది" అన్నారు. నాకు కావలసింది అదే.

చూపూ వినికిడీ ముందు మెదడు మధ్యలో ఉండే థలామస్ దగ్గర ఆగి వెళ్తాయి. వాసన అలా ఆగకుండానే జ్ఞాపకానికి సంబంధించిన ఎంటోరైనల్ కార్టెక్స్‌కు చేరుతుంది. ఆల్జీమర్స్ తొలిదశలో దెబ్బతినే చోటూ అదే. 2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం వాసన తెలియకుండా పోయినవాళ్లతో ఈ నాలుగు రకాలనే రోజుకు రెండుసార్లు, 12 వారాలు సాధన చేయించింది. 2023లో కాలిఫోర్నియాలో 60–85 ఏళ్లవాళ్లకు ఆరు నెలలు రాత్రిళ్లు వాసనలు చూపిస్తే, విన్న మాటలు గుర్తుపెట్టుకునే పరీక్షలో మెరుగ్గా చేశారు. కానీ పాల్గొన్నది 43 మందే, వాళ్లకు మతిమరుపు జబ్బు లేదు. అందుకే డాక్టరు రాసిన మాత్రలు ఆపకండి.

కర్పూరం, మిరియాలు వద్దు. అవి ముక్కులో చురుక్కుమనిపిస్తాయి, వాసన తెలియకపోయినా తెలిసినట్టే ఉంటుంది. సీసాలు మందుల డబ్బాలో పెట్టకండి, నీలగిరి తైలం తాగితే ప్రమాదం.

వచ్చే వారం, "నాకేమీ వాసన రావట్లేదు" అనేవాళ్లతో ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.