రోటరీ ఇంజన్‌కి సైలెన్సర్ కట్టుకునేవాళ్ళకి నాలుగు మాటలు

ముందే చెప్తున్నా, ఇక్కడ రోటరీ అంటే వాంకెల్, పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్ తిరిగే ఇంజన్, మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లో సిలిండర్లన్నీ గిర్రున తిరిగేవే, ఆ రోటరీ కాదు. సొంతంగా విమానం కట్టుకునేవాళ్ళు ఎక్కువగా వాడేది మజ్దా 13బి, రెండు రోటర్లు, ఒక్కోటి 654 సీసీ. మన దగ్గర మజ్దా అంటే స్వరాజ్ మజ్దా వ్యానే గుర్తొస్తది, ఈ ఇంజన్ ఉండే ఆర్ఎక్స్-7 కార్లు ఇక్కడ అమ్మలేదు కాబట్టి ఇంజన్ బయటి నుంచి తెప్పించుకోవాల్సిందే. విమానాలకి అనుమతులిచ్చే డీజీసీఏ కాగితాలు వేరే లొల్లి, ఇప్పుడు దాని జోలికి పోను.

నేను మొదటిసారి కారు లెక్కే వేశా. బాలానగర్‌లో ఒక షాపులో 304 ఎస్ఎస్ (ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీల్) పైపుతో సైలెన్సర్ చేయించా, పెళ్ళికి పెట్టే వెండి గిన్నెలా మెరిసిపోయింది. నేల మీదే ఇంజన్ తిప్పి చూసే గ్రౌండ్ రన్ ఆరు గంటలు కూడా కాలేదు, పవర్ పడిపోవడం మొదలైంది. ఇంజెక్టర్లు విప్పాం, ప్లగ్గులు మార్చాం, రెండు రోజులు తల పట్టుకున్నాం, చివరికి సైలెన్సర్ ఊడదీసి ఊపితే లోపల గజ్జెల చప్పుడు. లోపలుండే కన్నాల జల్లెడ రేకు ముక్కలు ముక్కలై ఒక ముక్క పోయి బయటికెళ్ళే దారికి అడ్డంగా కూర్చుంది. అదే టేకాఫ్‌లో అయ్యుంటేనా, ఇది రాయడానికి నేనుండేవాణ్ణి కాదేమో.

ఎందుకట్లా అంటే, రోటరీకి ఎగ్జాస్ట్ వాల్వ్ లేదు. పాత 13బిలో రోటర్ మూల పొగ బయటికెళ్ళే కన్నం, అదే పోర్టు, దాటగానే మంట ఇంకా కోపంగా ఉండగానే టపీమని బయటికి దూకుతుంది. 6000 ఆర్పీఎం దగ్గర సెకనుకి 200 దెబ్బలు. మామూలు పిస్టన్ విమాన ఇంజన్ పొగ 750-850 డిగ్రీలుంటే ఇది 900 దాటి 1000 దాకా పోతుంది. చీకట్లో రన్ చేసి చూడండి, పైపు ఎర్రగా నిప్పుకణికలా కనిపిస్తది. అంటే ఒక పక్క కొలిమి, ఇంకో పక్క సుత్తి. ఆర్ఎక్స్-8లో వచ్చిన రెనెసిస్‌కి పోర్టులు పక్క ప్లేట్లలో ఉంటాయి, చప్పుడు కొంచెం తక్కువ, కానీ మధ్య పోర్టు రెండు రోటర్లకీ ఒక్కటే, మూడు పైపులు వస్తాయి, ఆ మధ్యది ఎక్కువ కాలుతుంది.

మెటీరియల్ సంగతికొస్తే ఎంఎస్ (మామూలు మైల్డ్ స్టీల్) గురించి ఆలోచించకండి. రాణిగంజ్‌లో 321 అనే ఇంకో రకం ఎస్ఎస్ అడిగితే "304 తీస్కో అన్నా, సేమ్" అంటారు. సేమ్ కాదు. 304 ఆ వేడికి పదేపదే ఎర్రబడి చల్లబడితే పెచ్చులు ఊడుతుంది, వెల్డింగ్ పక్కన పెళుసెక్కి చీలుతుంది, 321లో కలిపే టైటానియం ఈ రెండోదాన్ని ఆపుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, తేడా తెలీదు, చిన్న ముక్క కోసి లోహంలో ఏమేం కలిశాయో చెప్పే స్పెక్ట్రో టెస్ట్ చేయించండి, రిపోర్టులో టైటానియం కనిపించాలి. ఇన్‌కొనెల్ 625 అనే నికెల్ మిశ్రమ లోహం అయితే ఇంకా మంచిది, పర్సు ఒప్పుకుంటే. కంచన్‌బాగ్‌లో ప్రభుత్వ లోహాల కంపెనీ మిధాని ఇలాంటి సూపర్ అల్లాయ్‌లే చేస్తుంది గానీ రెండు మీటర్ల పైపు కోసం మనం ఆ గేటు దగ్గర నిలబడితే బాగోదు కదా. పోర్టుల దగ్గర 2 అంగుళాల పైపు, 1.6 ఎంఎం మందం పెట్టుకోండి, కలిశాక రెండున్నర నుంచి 3 అంగుళాలు.

పైపుల్ని ఇంజన్‌కి బోల్టులతో బిగించే పట్టీ, అదే ఫ్లాంజి, దానికి 10 ఎంఎం ప్లేట్ తక్కువ కాకుండా. వెల్డ్ చేసేటప్పుడు ఇంకా మందమైన ఇనుప దిమ్మకి బోల్టులేసి బిగించాలి, లేకపోతే అప్పడంలా వంకరపోతుంది, అయినా ఎంతో కొంత పోతుంది, తర్వాత మిల్లింగ్‌లో ఫేసింగ్ చేయించుకోవాలి. అంతా అయ్యాక రెండు పోర్టుల మధ్య ఫ్లాంజిని కోసేస్తే దేనిదారిన అది సాగుతుంది.

ఆర్గాన్ వెల్డింగ్ చేసే ఉస్తాద్‌తో ముందే మాట్లాడుకోండి, ఇక్కడ మొహమాటపడితే మునిగినట్టే. బయట ఆర్గాన్ ఉంటే చాలదు, పైపు లోపల కూడా ఆర్గాన్ నింపాలి, రెండు చివర్లా ఫాయిల్ టేపు వేసి చిన్న కన్నం వదిలి. అది చేయకపోతే బయట గీత అందంగా ఉంటది, లోపల మాడిన అట్టు అంచులా నల్లగా బొడిపెలు కడుతుంది, చీలిక అక్కడే మొదలవుతుంది. మా ఉస్తాద్ "గ్యాస్ దండగ" అన్నాడు, ఇంకో సిలిండర్ డబ్బులు నేనిస్తా అన్నాక చేశాడు. 321కి ఫిల్లర్ రాడ్ (అతుకులో కరిగించే కడ్డీ) 347 రకం వాడాలి, ఎందుకంటే టైటానియం ఆ ఆర్క్‌లో కాలిపోతుంది.

ఇక అసలు కిటుకు, దేన్నీ రెండు చివర్లా బిగించొద్దు. 60 సెంటీమీటర్ల ఎస్ఎస్ పైపు మన షెడ్డు ఎండ నుంచి 900 డిగ్రీలకి పోయేసరికి దాదాపు ఒక సెంటీమీటర్ సాగుతుంది, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు, ఆపితే తనో వెల్డో చీలుతుంది. అందుకే మధ్యలో స్లిప్ జాయింట్, ఇంజన్ వైపు పైపు తర్వాతి పైపు లోపలికి రెండు అంగుళాలు దూరాలి, తిరగేసి పెడితే పొగ బయటికి తంతుంది. సైలెన్సర్ లోపల కూడా ఇదే, కన్నాల పైపు పల్చటి జల్లెడ రేకు కాకుండా మందపాటి పైపుకే డ్రిల్ వేయించి, ఒక చివర వెల్డ్ చేసి రెండో చివర రింగులో జారేలా వదిలేశా. మూతలు చదునుగా పెడితే తబలాలా మోగి చీలిపోతాయి, గరాటు ఆకారం పెట్టండి. గాజు ఉన్ని నింపొద్దు, కొన్ని గంటల్లో ఊదేస్తుంది. మొత్తాన్ని ఇంజన్ నుంచే వేలాడదీయాలి, బాడీకి కట్టొద్దు, ఇంజన్ ఊగుతుంది బాడీ ఊగదు. నైలాన్ లాక్ నట్లు అస్సలు వద్దు, కరిగిపోతాయి.

పైపుకి బట్ట చుట్టే అలవాటు మానేయండి, వేడి లోపలే ఉండిపోయి పైపు త్వరగా పోతుంది. బదులు ఒక అంగుళం ఎడంగా పల్చటి ఎస్ఎస్ రేకు నిలబెట్టండి, ఇంజన్ మీద మూతలా ఉండే ఎపాక్సీ కౌలింగ్ వంద డిగ్రీలు కూడా తట్టుకోదు. క్యాబిన్ హీటర్‌కి ఎగ్జాస్ట్ గాలి తీసుకోవడం హైదరాబాద్‌లో ఎలాగూ అక్కర్లేదు, కావాలంటే ఇంజన్ కూలెంట్ వేడి ఉంది కదా. కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ మాత్రం ప్యానెల్ మీద ఉండాల్సిందే.

బిగించాక లీక్ చూడ్డానికి ఇంట్లో వ్యాక్యూమ్ క్లీనర్ తెచ్చి, గాలి ఊదే వైపు గొట్టం సైలెన్సర్ చివర పెట్టి, సర్ఫ్ నీళ్ళు కుంచెతో వెల్డ్‌ల మీద పూయండి. స్లిప్ జాయింట్ దగ్గర కొంచెం బుడగలొస్తే పర్లేదు, వెల్డ్ దగ్గర ఒక్కటొచ్చినా విప్పాల్సిందే. మొదటి పది గంటలు ప్రతి రన్ తర్వాత కౌలింగ్ తీసి, చల్లారాక సైలెన్సర్‌ని వేలితో కొట్టి వినండి. ఖణేల్‌మంటే సరే, గలగలమంటే ఆ రోజుకి ఎగరొద్దు.