హైస్కూల్ వయసులో డబ్బు సంపాదించడం, ఖర్చు పెట్టడం ఎలా?

హైస్కూల్ పిల్లల చేతికి డబ్బు మూడు దారుల్లో వస్తుంది: ఇంట్లో ఇచ్చే పాకెట్ మనీ, పుట్టినరోజుకి బంధువులు చేతిలో పెట్టేది, సొంతంగా పని చేసి తెచ్చుకునేది. మొదటి రెండూ పెద్దవాళ్ల ఇష్టం. మూడోది మీ చేతిలో ఉంటుంది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం.

1. ఏ పని చేయవచ్చో ముందు తెలుసుకోండి

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒప్పందం ప్రకారం మామూలు పనికి కనీస వయసు 15. చదువుకి, ఆరోగ్యానికి అడ్డురాని తేలికపాటి పనులకు 13 ఏళ్ల నుంచి అనుమతించవచ్చు. ప్రమాదకరమైన పనికి 18 నిండాల్సిందే. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి కాబట్టి మీ దగ్గర ఎలా ఉందో అమ్మానాన్నలతో కలిసి చూసుకోండి.

2. మీకు బాగా వచ్చిన పనినే ఎంచుకోండి

చిన్న క్లాసుల పిల్లలకు ట్యూషన్ చెప్పడం నా దృష్టిలో అన్నిటికంటే మంచిది. ఆరో తరగతి పిల్లవాడు 1/2కి 1/3 కలిపి 2/5 అని రాశాడనుకోండి. పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో కూడేశాడని మీకు చప్పున తెలిసిపోతుంది. మొన్నమొన్నటిదాకా మీరూ ఆ లెక్కలే చేశారు కదా! పైగా, ఒకరికి చెప్పడంతో మీ పునాదీ గట్టిపడుతుంది. గంటకి ఎంత, డబ్బు ఎప్పుడిస్తారు, క్లాసు తప్పితే ఏం చేయాలి అన్నవి మొదటి రోజే మాట్లాడుకోండి. మొహమాటపడితే నెలాఖరులో అడగడం ఇంకా కష్టం.

పెంపుడు జంతువులను చూసుకోవడం, పెద్దవాళ్లకు ఫోన్ వాడకం నేర్పడం, వీడియో ఎడిటింగ్, పాత పుస్తకాలు అమ్మడం కూడా చేయవచ్చు. యూట్యూబ్ ప్రకటనల డబ్బు అందుకోవాలంటే మాత్రం 18 నిండాలి, లేదంటే పెద్దవాళ్ల ఖాతా జత చేయాలి.

3. మోసాలను గుర్తుపట్టండి

పని ఇస్తామంటూ ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే అక్కడే ఆగిపోండి. అంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది: "మీ ఖాతాలో డబ్బు వేస్తాం, కొంత ఉంచుకుని మిగతాది ఫలానా నంబరుకి పంపండి చాలు" అంటారు. అది ఎక్కువగా ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బే అయి ఉంటుంది. పోలీసులకు మొదట దొరికేది మీ పేరే. ఇప్పటికే అలా పంపి ఉంటే భయపడి దాచకండి. ఆ రోజే ఇంట్లో చెప్పి, బ్యాంకుకి తెలియజేయండి.

4. డబ్బు వచ్చిన రోజే కొంత పక్కన పెట్టండి

ఖర్చులయ్యాక మిగిలింది దాద్దామనుకుంటే ఏమీ మిగలదు. ఐదో వంతుతో మొదలుపెట్టినా చాలు, దాన్ని వేరే ఖాతాలో ఉంచండి. చక్రవడ్డీకి ఒక సులువైన లెక్క ఉంది: 72ని వడ్డీ శాతంతో భాగిస్తే, డబ్బు రెట్టింపు కావడానికి సుమారుగా ఎన్నేళ్లు పడుతుందో వస్తుంది. 6 శాతానికైతే 12 ఏళ్లు. పదిహేనేళ్ల వయసులో దాచింది ఇరవై ఏడుకి రెట్టింపవుతుందన్నమాట.

5. ధరను గంటల్లోకి మార్చి చూడండి

కొత్త బూట్లు కావాలనుకోండి. వాటి ధర మీకు ఎన్ని గంటల సంపాదనో లెక్కేయండి. రానుపోను ఖర్చులు తీసేశాక చేతికి మిగిలేదే అసలు సంపాదన. ఇరవై గంటల ట్యూషన్ అని తేలాక కూడా కావాలనిపిస్తే నిశ్చింతగా కొనుక్కోండి. మీ కష్టార్జితం, తప్పేం లేదు.

6. తెలియకుండా పోయే డబ్బుని పట్టుకోండి

ఫోన్ గేముల్లో జరిగేది గమనించండి. మీకు కావాల్సిన వస్తువు 500 నాణేలు. అమ్మేది మాత్రం 400 లేదా 1,000 నాణేల కట్టలు. వెయ్యి కొంటే 500 మిగిలిపోతాయి, ఊరికే పోతాయెందుకని వాటితో ఇంకేదో కొంటారు. పైగా నాణేల్లో చూస్తున్నంతసేపు అసలు ధర గుర్తుకి రాదు. ఉచిత ట్రయల్ కూడా ఇలాంటిదే: గడువులోగా రద్దు చేయకపోతే డబ్బు కట్ అవడం మొదలవుతుంది. రద్దు చేయాల్సిన తేదీకి, చేరిన రోజే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. వాయిదాల మీద కొనడం ఈ వయసులో అస్సలు వద్దు.

7. లెక్క రాయండి

హానీ మోటోకో అనే జపాన్ పాత్రికేయురాలు 1904లో ఇంటి లెక్కల పుస్తకాన్ని తెచ్చారు. కకేబో పేరుతో ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. మీకు ఒక చిన్న నోటుబుక్కు చాలు. ఎంత వచ్చింది, ఎంత దాచాలనుకున్నాను, ఎంత ఖర్చయింది, వచ్చే నెల ఏం మార్చుకోవాలి అన్న నాలుగు ప్రశ్నలకు నెలకోసారి జవాబు రాయండి. స్నేహితులకిచ్చిన అప్పులూ అందులోనే ఉండాలి.

పరీక్షల నెలలో పని గంటలు తగ్గించక తప్పదు. ఆ సంగతి పని ఇచ్చినవాళ్లకి నెల ముందే చెప్పండి, ఆ నెల ఖర్చుకి కావాల్సింది కూడా ముందే పక్కన పెట్టుకోండి.