రూటర్ స్విచ్ ఆపే ముందు లైట్లు చూడండి: వైఫై మాటిమాటికీ పోతుంటే వెతకాల్సిన చోట్లు

వైఫై పోయిందనగానే అందరి చెయ్యీ ముందు రూటర్ స్విచ్ మీదికే వెళుతుంది. ఆపుతారు, పది లెక్కపెడతారు, మళ్లీ వేస్తారు. రెండు మూడు నిమిషాల్లో నెట్ వస్తుంది, అక్కడితో ఆ సంగతి మరిచిపోతారు. మర్నాడు సాయంత్రం మళ్లీ పోతుంది. ఎవరింటికి వెళ్లినా నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "నెట్ పోయినప్పుడు రూటర్ మీద ఏ లైటు వెలుగుతోంది?" జవాబు చెప్పగలిగినవాళ్లు చాలా తక్కువ. ఎందుకంటే స్విచ్ ఆపగానే ఆ జవాబు కూడా ఆరిపోతుంది. రోగం పేరు చెప్పకుండా మందు అడిగినట్టు కంపెనీకి ఫోన్ చేసి "నెట్ రావడం లేదు" అంటారు, వాళ్లు "ఒకసారి ఆపి వేయండి" అంటారు. ఇలా నెలలు గడిచిపోతాయి.

ఈసారి నెట్ పోతే ఒక్క నిమిషం చేతులు కట్టుకుని నిలబడి లైట్లు చూడండి. వీలైతే ఫోన్‌తో ఫోటో తీయండి. మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ చెప్పేది ఫైబర్ కనెక్షన్ గురించి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఎక్కువగా ఉన్నది అదే. బిల్లు కట్టారో లేదో చూసుకోవడం, ఫోన్‌లో వైఫై పేరు తీసేసి పాస్‌వర్డ్ మళ్లీ కొట్టడం లాంటివి మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ఎల్ఓఎస్ లైటు ఎర్రగా ఉంటే

రూటర్‌కు ఫైబర్ నుంచి కాంతి అందడం లేదని అర్థం. రూటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు.

ముందు ఇంట్లో చూడండి. గోడ నుంచి రూటర్‌కు వచ్చే సన్నటి తీగ టీవీ యూనిట్ కాలి కింద నలిగిందా, తలుపు సందులో మడత పడిందా? ఫైబర్ లోపల ఉన్నది గాజు. రాగి తీగలా మడిస్తే ఊరుకోదు, వంపు దగ్గర కాంతి బయటికి జారిపోతుంది. ఇల్లు దులిపిన మర్నాడే ఈ సమస్య ఎక్కువగా కనిపిస్తుంది. మడత సరిచేసి, చివర ఉన్న ఆకుపచ్చ కనెక్టర్‌ను టిక్కుమనేవరకు లోపలికి నొక్కండి. కనెక్టర్ ఊడదీసి కంటితో లోపలికి మాత్రం చూడకండి. అందులో వచ్చేది లేజర్, పైగా కంటికి కనిపించనిది.

ఇంట్లో అంతా బాగుంటే తప్పు బయట ఉంది. మన నగరంలో ఈ తీగలు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి. చెట్టు కొమ్మ కొట్టినా, ఎత్తు లారీ తగిలినా తెగుతాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర సమయంలో జరిగిన విద్యుత్ ప్రమాదం తర్వాత స్తంభాల మీది కేబుళ్లను తొలగించినప్పుడు నగరంలో ఎన్నో ఇళ్లకు ఇదే ఎర్ర లైటు వచ్చింది. అలాంటప్పుడు మీరు చేయగలిగింది ఫిర్యాదు ఒక్కటే. "నెట్ రావడం లేదు" అనకండి, "ఎల్ఓఎస్ ఎర్రగా వెలుగుతోంది" అనండి. ఆ మాట వింటే అవతలివాళ్లు మిమ్మల్ని ఆపి వేయమనకుండా నేరుగా మనిషిని పంపే అవకాశం ఎక్కువ.

లైట్లన్నీ మామూలుగానే ఉండి, ఒక గదిలో మాత్రమే రాకపోతే

ఇది దూరం, గోడల సమస్య. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి బాగా నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళుతుంది కానీ పక్క ఫ్లాట్ల వైఫైలన్నీ దానిలోనే తొక్కిసలాడుతుంటాయి. రూటర్‌ను బీరువా వెనక నుంచో ఫ్రిజ్ పై నుంచో తీసి, హాలు మధ్యలో కాస్త ఎత్తున పెట్టండి. ఇనుప బీరువా కన్నా పెద్ద అడ్డు ఇంట్లో మరొకటి ఉండదు. రూటర్ సెట్టింగుల పేజీలో (అందులోకి ఎలా వెళ్లాలో కింద చెప్పాను) 2.4కు ఛానల్ 1, 6, 11లలో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టుకోండి. ఇంతకు మించి ఇందులో రహస్యమేమీ లేదు.

లైట్లన్నీ ఒక్కసారి ఆరి, ఒక్కొక్కటిగా మళ్లీ వెలుగుతుంటే

అసలు చెప్పాలనుకున్నది ఇదే. మనుషుల్ని ఎక్కువ కాలం ఏడిపించేదీ ఇదే.

మీరు ముట్టుకోకుండానే రూటర్ తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతోందన్నమాట. ముందు పవర్ లైటు, తర్వాత ఫైబర్ లైను అందిందని చెప్పే పీఓఎన్ లైటు మిణుకుమిణుకుమంటూ స్థిరపడుతుంది, ఆ తర్వాత ఇంటర్నెట్, వైఫై. ఈ వరుస పూర్తయ్యేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఫోన్ చూస్తున్న మనిషికి మాత్రం "నెట్ కాసేపు పోయి వచ్చింది" అనే అనిపిస్తుంది.

లైట్లు చూసే వీలు లేకపోతే ఇంకో దారి ఉంది. రూటర్ అడుగున స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. ఫోన్ బ్రౌజర్‌లో ఆ చిరునామా కొట్టి లోపలికి వెళితే, పరికరం వివరాల పేజీలో సాధారణంగా అప్‌టైమ్ అని కనిపిస్తుంది. రూటర్ చివరిసారి మొదలై ఎంతసేపైందో అది చెబుతుంది. మీరు వారం రోజులుగా స్విచ్ ముట్టుకోలేదు, కరెంటూ పోలేదు, కానీ అక్కడ నలభై నిమిషాలని ఉంది. ఇక వాదన అక్కర్లేదు: రూటరే పడి లేస్తోంది. అక్కడ రోజుల లెక్క కనిపిస్తే రూటర్‌ను వదిలేసి లైను వైపు చూడండి. ఈ ఒక్క అంకె చూడకుండా వేల రూపాయలు పోసి కొత్త రూటర్లు కొన్నవాళ్లను చూశాను. చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

రూటర్ తనంతట తాను ఆగిపోతోందంటే మొదట అనుమానించాల్సింది రూటర్‌ను కాదు, గోడకు తగిలించి ఉన్న అడాప్టర్‌ను. అంతకన్నా ముందు, అడాప్టర్ పిన్ ఉన్న సాకెట్‌ను ఒక్కసారి కదిపి చూడండి. పాత ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో సాకెట్ వదులైపోయి, పక్క పిన్ తీసినప్పుడల్లా ఇది కదిలి కరెంటు తెగుతుంది. గోడ సాకెట్‌లోకి మారిస్తే చాలు.

సాకెట్ బిగుతుగానే ఉంటే అడాప్టర్ సంగతి చూద్దాం. దీన్ని పట్టుకోవడం ఎందుకంత కష్టమంటే, అది పూర్తిగా చచ్చిపోదు, నీరసిస్తుంది. ముసలి ఎద్దు ఖాళీ బండిని ఎలాగో లాగుతుంది, బస్తాలు ఎక్కించగానే మోకాళ్ల మీద కూలబడుతుంది. ఇదీ అంతే. పగలు ఇంట్లో ఒక ఫోన్ మాత్రమే ఉంటే రూటర్ తక్కువ కరెంటు తీసుకుంటుంది, అడాప్టర్ నెట్టుకొస్తుంది. సాయంత్రం అందరూ ఇంటికి చేరి, టీవీలో సినిమా, పిల్లల ఆటలు, ఒక వీడియో కాల్ ఒకేసారి మొదలైతే రూటర్ ఎక్కువ కరెంటు అడుగుతుంది. అడాప్టర్ ఇవ్వలేక వోల్టేజి పడిపోతుంది, రూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. సాయంత్రమే ఇలా జరుగుతుంది కాబట్టి అందరూ "ఆ సమయంలో లైను రద్దీగా ఉంటుంది" అని సరిపెట్టుకుంటారు. రద్దీ ఉంటే వేగం తగ్గుతుంది, రూటర్ లైట్లు ఆరిపోవు.

నీరసించిన అడాప్టర్ మీద చిన్న లైటు ఉంటే అది కూడా నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. మల్టీమీటర్ ఉన్నవాళ్లు రూటర్ నుంచి పిన్ ఊడదీసి కొలిచి "12 వోల్టులు వస్తున్నాయి, బాగుంది" అంటారు. పని పడనప్పుడు కొలిస్తే అది 12 చూపించడంలో వింత లేదు. కొలవాల్సింది రూటర్ నడుస్తుండగా, ఇల్లంతా నెట్ వాడుతుండగా.

ఎందుకు నీరసిస్తుంది? అడాప్టర్ లోపల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, అంటే కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న భాగాలు ఉంటాయి. వాటిలోని ద్రవం వేడికి మెల్లగా ఎండిపోతుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల ఉజ్జాయింపు లెక్క. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో బయటే 40 డిగ్రీలు దాటుతుంది. మూసి ఉన్న టీవీ యూనిట్ వెనక, సెట్‌టాప్ బాక్స్ పక్కన, రాత్రీ పగలూ తగిలించి ఉన్న అడాప్టర్ ఎంత వేడిని మోస్తుందో ఆలోచించండి. అది రెండు మూడు వేసవులు గడిపాక ఇలాంటి లక్షణాలు కనిపిస్తే నాకు ఆశ్చర్యం ఉండదు.

ఇంకో దారిలోనూ ఇదే జబ్బు వస్తుంది. మల్కాజిగిరిలో రిటైరైన ఒక టీచరమ్మ ఇంట్లో చూశాను. "రాత్రి ఎనిమిదిన్నరకు అమ్మాయితో మాట్లాడుతుంటే మధ్యలో బొమ్మ ఆగిపోతోంది బాబూ, మనవరాలు నన్నే చూస్తూ అలా బిగుసుకుపోతుంది" అన్నారు. కంపెనీవాళ్లు అప్పటికే రూటర్ మార్చారు, తీగ మార్చారు. అడాప్టర్ మాత్రం పాతదే, ఎందుకంటే అది బరువైన టీవీ యూనిట్ వెనక ఉంది, కొత్త రూటర్‌కు పాత పిన్నే సరిపోయింది. యూనిట్ జరిపి చూస్తే గోడకు రెండు నల్లటి అడాప్టర్లు, రెండూ ఒకేలా ఉన్నాయి. రూటర్ అడుగున 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు కావాలని రాసి ఉంది. దానికి తగిలించిన అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. అది సెట్‌టాప్ బాక్స్‌ది. దసరాకు రంగులు వేయించినప్పుడు అన్నీ ఊడదీసి మళ్లీ తగిలించేటప్పుడు రెండూ తారుమారయ్యాయి. సెట్‌టాప్ బాక్స్‌కు ఎక్కువ ఆంపియర్ల అడాప్టర్ తగిలినా ఇబ్బంది లేదు, అందుకే టీవీ బాగానే వచ్చింది. రూటర్ మాత్రం రోజూ రాత్రి పడి లేచింది. రెండూ మార్చి తగిలించాం. ఆ రాత్రి వాళ్లు గంటసేపు మాట్లాడుకున్నారు. మనవరాలు కొత్తగా నేర్చుకున్న పద్యం మొదటి నుంచి చివరి దాకా వినిపించిందట. టీచరమ్మ మర్నాడు ఫోన్ చేసి ఆ పద్యం నాకూ చెప్పారు.

కాబట్టి మీ ఇంట్లో చేయాల్సింది ఇది. రూటర్ స్టిక్కర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి. అడాప్టర్ మీద సన్నటి అక్షరాల్లో ఔట్‌పుట్ అని ఉన్న వరుస చదవండి, కనిపించకపోతే ఫోటో తీసి పెద్దది చేసుకోండి. వోల్టులు కచ్చితంగా ఒకటే ఉండాలి, 9 అడిగే రూటర్‌కు 12 తగిలించకూడదు. ఆంపియర్లు అడిగినన్ని గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. తక్కువ పనికిరాదు. పిన్ మధ్య భాగం ప్లస్ అని చూపే చిన్న బొమ్మ కూడా రెండింటి మీద ఒకేలా ఉండాలి. అన్నీ సరిపోయినా సమస్య ఉంటే, పక్కింటివాళ్లను అడిగి సరిపోయే మంచి అడాప్టర్ ఒక సాయంత్రానికి తెచ్చి తగిలించి చూడండి. అప్‌టైమ్ తెగకుండా పెరుగుతూ పోతే దొంగ దొరికినట్టే.

కొనేటప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో గానీ, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ దొరుకుతుంది. పాత అడాప్టర్‌ను చేత్తో పట్టుకెళ్లండి, నోటితో చెబితే పిన్ లావు తేడా వస్తుంది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దానితోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నదే తీసుకోండి. చేతిలో పట్టుకుంటే దూదిలా తేలికగా ఉండి, మీద 2 ఆంపియర్లని రాసి ఉన్నవాటిని నమ్మకండి. రూటర్ కంపెనీ ఇచ్చినదైతే కొనే ముందు వాళ్లనే అడాప్టర్ మార్చమని అడగండి. అడిగితే ఇవ్వొచ్చు, చాలామంది అడగరు.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్నప్పుడే ఆగిపోతుంటే

ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి, దానికి మార్చండి. ఆ మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారే సమయం బాగా తగ్గుతుంది. అయినా ఆగిపోతుంటే మళ్లీ అడాప్టర్‌నే అనుమానించండి. ఆరోగ్యంగా ఉన్న అడాప్టర్ ఆ రెప్పపాటు కాలం తన కెపాసిటర్లలో ఉన్న కరెంటుతో నెట్టుకొస్తుంది, ఎండిపోయినది నెట్టుకురాలేదు. రూటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకున్నవాళ్లు దాన్ని తీసేసి, అడాప్టర్‌ను నేరుగా తగిలించి ఒకరోజు చూడండి. దాని బ్యాటరీ పాతబడినా ఇవే లక్షణాలు.

ఇంకేమైనా కావచ్చా?

కావచ్చు, కానీ అరుదు. రూటర్ మరీ వేడెక్కి ఆగడం: మీద కప్పిన గుడ్డ తీసేయండి. సాఫ్ట్‌వేర్ లోపం: కంపెనీ కొత్తది పంపితే పోతుంది. పిడుగు దెబ్బ: అప్పుడు రూటర్ పడి లేవదు, అసలు లేవనే లేవదు. మైక్రోవేవ్ ఓవెన్ 2.4 గిగాహెర్ట్జ్‌ను చెడగొడుతుంది కానీ అన్నం వేడయ్యేంతసేపే. ఎవరో మీ వైఫై దొంగిలిస్తున్నారన్న అనుమానం నాకు ఎక్కువగా వినిపిస్తుంది. పాస్‌వర్డ్ మార్చి ఆ అనుమానం తీర్చుకోండి, కానీ దానివల్ల లైట్లు ఆరవు.

అడాప్టర్ మార్చాక కూడా అప్‌టైమ్ తెగుతుంటే అప్పుడు రూటర్‌నే మార్చమనండి. ఫిర్యాదు చేసేటప్పుడు రూటర్ ఆగిన వేళలు, లైట్ల ఫోటోలు, అప్‌టైమ్ పేజీ ఫోటో దగ్గర పెట్టుకోండి. వచ్చిన టెక్నీషియన్ కొత్త రూటర్‌ను పాత అడాప్టర్‌కే తగిలించబోతే, డబ్బాలో వచ్చిన కొత్త అడాప్టర్‌నే పెట్టమని గట్టిగా చెప్పండి. టీవీ యూనిట్ జరపాల్సి వస్తే మీరూ ఒక చెయ్యి వేయండి.