జొన్నలో పురుగు లెక్క, పాఠం 4: మొవ్వు ఎండితే పీకి చూడాలి

పోయిన పాఠంలో మొవ్వు (మొక్క నడిమి లేత చిగురు) చచ్చిన మొక్కల శాతం కట్టమన్నాను. వచ్చిన లెక్కలు చూస్తే రెండు వారాల పైరులోనే కాండం తొలుచు పురుగు విరుచుకుపడినట్టుంది. దాన్ని పట్టుకుని చాలామంది "ఈ రకం తట్టుకోదు" అని తేల్చేశారు కూడా. ఆ వయసులో ఎండే మొవ్వు చాలావరకు మొవ్వు ఈగ పని. అందుకని కంకి పురుగుల పాఠం వాయిదా వేసి ముందు ఈ చిక్కు విప్పుదాం.

మొవ్వు ఈగ మొలకెత్తిన వారం నుంచి నెల లోపు పడుతుంది. కాండం తొలుచు పురుగు మూడో వారం నుంచి కోత దాకా ఉంటుంది. మూడు, నాలుగు వారాల పైరులో రెండూ కలిసే ఉంటాయి కాబట్టి వయసొక్కటే చూసి తీర్పు చెప్పలేం. ఎండిన మొవ్వును వేళ్ల మధ్య పట్టి నిలువుగా లాగండి. ఈగ కొట్టినదైతే సులువుగా ఊడి వస్తుంది. అడుగు కుళ్లి, ముక్కు దగ్గర పెడితే కంపు కొడుతుంది. లోపల కాళ్లు లేని తెల్లటి చిన్న పురుగు ఉంటుంది. ఆకు అడుగున ఈనె వారగా ఒంటిగా పెట్టిన తెల్లటి, సన్నటి గుడ్డు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

కాండం తొలుచు పురుగు మొవ్వును చంపే ముందే ఆకుల మీద ఆనవాలు వదులుతుంది. పిల్ల పురుగు సుడిలో చుట్టుకుని ఉన్న ఆకును అడ్డంగా కొరుకుతుంది. ఆ ఆకు విచ్చుకున్నాక చిల్లులు వరసగా కనబడతాయి. గుడ్లు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి గుంపుగా ఉంటాయి. పురుగుకు కాళ్లుంటాయి, తల గోధుమ రంగు, ఒంటి నిండా మచ్చల వరసలు. ఆకులు చిరిగి, సుడి నిండా తడి రంపపు పొట్టులాంటి రెట్ట ఉంటే అది కత్తెర పురుగు. దాన్ని ఇందులో కలపొద్దు. బాగా పాతబడి ఎండిన మొవ్వులో ఏ గుర్తూ మిగలదు. దాన్ని ఊహించి రాయకుండా "తెలియదు" గడిలో వేయండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, రకం ఒక పురుగును తట్టుకున్నంత మాత్రాన రెండోదాన్నీ తట్టుకోవాలని లేదు. ఆకు నిగనిగలాడుతూ, అడుగున సన్నటి నూగు ఉన్న రకాల మీద మొవ్వు ఈగ గుడ్లు తక్కువ పెడుతుంది. రబీలో వేసే ఎం 35-1కు ఈగను కొంత తట్టుకునే గుణం ఉంది. ఆ ధీమాతో కాండం తొలుచు పురుగును వదిలేయకూడదు. ఐఎస్ 2205 రెండింటినీ తట్టుకుంటుందని పరిశోధనల్లో పేరున్న రకం, అందుకే దాన్ని పోలికకు వాడతారు. పక్కన సీఎస్హెచ్ 1 లాంటి, పురుగు తేలిగ్గా పట్టే రకం ఒక సాలు అదే రోజు విత్తాలి. ఆ సాలులోనూ దెబ్బ లేకపోతే ఆ ఏడు పురుగు రాలేదని అర్థం, మీ రకం గొప్పదని కాదు. ఇలా పురుగు రాక పోలిక చెడే బెడద తప్పించడానికే పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పిల్ల పురుగులను గసగసాలతో కలిపి, లెక్కగా పడేలా ఒక సాధనంతో సుడుల్లోకి వదులుతారు.

మొవ్వు చచ్చినా కొన్ని రకాలు గట్టి పిలకలు వేసి కంకి ఇస్తాయి. అదీ తట్టుకోవడమే. పిలకల కంకులను విడిగా రాయండి.

కోతప్పుడు చొప్పను నేల మట్టానికి కోసి నిలువునా చీల్చండి. పైనున్న రంధ్రాలు లెక్కపెట్టే పద్ధతి నాకు నచ్చదు, ఒక్క రంధ్రం వెనక జానెడు సొరంగం ఉండొచ్చు. 180 సెంటీమీటర్ల కాడలో 12, 9, 6 సెంటీమీటర్ల సొరంగాలుంటే మొత్తం 27, అంటే 15 శాతం. కంకి కాడలోని సొరంగం వేరే గడిలో వేయండి. అక్కడ చిన్నదైనా కంకికి ఆహారం అందక తాలు పోతుంది, లేదా కాడ విరుగుతుంది.

అభ్యాసం: రెండు రకాలు, ఒక్కోదానిలో అయిదు చోట్ల ఇరవై చొప్పున వంద మొక్కలు. మొలకెత్తిన 14, 28, 42 రోజులకు చూడండి. ఈగ, కాండం పురుగు, తెలియదు అని మూడు గడులు. మొవ్వు పీకిన మొక్కకు దారం కట్టకపోతే తర్వాతిసారి మళ్లీ లెక్కలోకి వస్తుంది. కోతలో రకానికి పది కాడలు చీల్చండి. చీల్చిన చొప్పను గట్టున వదలకుండా ముక్కలు చేసి పశువులకు వేయండి, పురుగు వేసవంతా అందులోనే దాక్కుని తొలకరికి రెక్కలతో బయటికొస్తుంది.